అనసూయమ్మ ఇంటిమీది ముఖాలు

పని ఏమిటంటే

హైదరాబాద్ బల్దియాలో, అంటే మున్సిపల్ కార్పొరేషన్‌లో, టౌన్ ప్లానింగ్ విభాగంలో నా ఉద్యోగానికి కాగితం మీద కాస్త బరువైన పేరే ఉండేది. మా అమ్మ మాత్రం లాల్‌దర్వాజాలో ఎవరడిగినా "మావోడు లీడర్ల బొమ్మలు దించుతడు" అని చెప్పేది. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. రిటైరై ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ కనపడటం లేదు.

మామూలు రోజుల్లో ఇళ్ల కొలతలు, అనుమతి లేకుండా లేపిన గదులు, రోడ్డు మీదికి జరిగిన మెట్లు చూసుకునేవాళ్లం. ఎన్నికల కోడ్ వచ్చిందంటే అవన్నీ పక్కకు పోయేవి. గోడ మీదో స్తంభం మీదో వంతెన మీదో ఏ నాయకుడి ముఖం కనపడినా తీసేయాలి. తీయడానికి వీల్లేకపోతే కప్పేయాలి. కప్పడానికీ వీల్లేకపోతే సున్నం కొట్టాలి. ఇందుకోసం మాకు ఒక నిచ్చెన, కత్తులు, తాళ్లు, సున్నం బకెట్టు, ఒక డీసీఎం బండి ఉండేవి. బండి నడిపేది యాదగిరి. నిచ్చెన ఎక్కడం డ్రైవర్ పని కాదు గాని, నాకు ఎత్తంటే భయమని తెలిసిన రోజు నుంచి అతనే ఎక్కేవాడు.

నా పేరు సామ్యేల్. పాతబస్తీలో సగం మంది నోట అది "శామిల్ సాబ్" అయిపోయింది. ఉర్దూలో శామిల్ అంటే కలిసిపోయినవాడు. ఏ పార్టీ ఫ్లెక్సీ దించినా ఆ పార్టీవాళ్లు, పేరులోనే ఉంది కదా, అవతలివాళ్లతో శామిల్ అనేవారు. ఆ లెక్కన అన్ని పార్టీలతోనూ కలిసిపోయిన ఉద్యోగిని నేనొక్కణ్ణేనేమో.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహాలు అడుగుతుంటారు. ఎంత సైజుకు అనుమతి కావాలి, ఎవరు సంతకం పెట్టాలి వంటివి శిక్షణలో చెప్తారు. వాటికి నేను అక్కర్లేదు. ఫ్లెక్సీ దించాక అది ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మా గోదాములోకి చేరేవి కొన్నే. మిగతావి ఆటోల మీద కప్పుగా, మేకల కొట్టానికి గోడగా, మిరపకాయలు ఆరబోసే పట్టాగా, ఇళ్ల మీద వానను ఆపే గుడ్డగా బతుకుతాయి. ఓడిపోయిన నాయకుడు కూడా ఏదో ఒక ఇంటికి అక్కరకొచ్చేది అక్కడే. ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది జహనుమా దగ్గర ఒక రేకుల ఇంటి దగ్గర. అందుకే వేరే కేసులు పక్కనపెట్టి దాన్నే వివరంగా రాస్తున్నాను.

పేపర్ చదివి అంటించాలి

అది ఒక వార్డుకు వచ్చిన ఉప ఎన్నిక. మంచి వానల్లో వచ్చింది. బరిలో చాలామంది ఉన్నా, పోటీ ఇద్దరి మధ్యే. వాళ్ల పేర్లు రాయను. ఒకాయనకు పెద్ద మీసాలు, ఇంకొకాయనకు నల్లఫ్రేము కళ్లజోడు. ఫ్లెక్సీల మీద నాకు కనపడింది అవే కాబట్టి మీసాలాయన, కళ్లజోడాయన అనే రాస్తాను. మీసాలాయన తరఫున అన్నీ చూసుకునేది రమేశ్. కళ్లజోడాయన తరఫున ఖలీల్ భాయ్. ఇద్దరూ పొద్దున లేస్తే ఫోన్‌లో కెమెరా తెరిచి వీధుల్లో తిరిగేవాళ్లు, అవతలివాడి బొమ్మ ఎక్కడ దొరుకుతుందా అని.

మాకు పై అధికారిగా వసుధ మేడమ్ వచ్చింది. ఖమ్మం నుంచి బదిలీ మీద వచ్చింది, పాతబస్తీ ఆమెకు కొత్త. అంతకుముందు నేను చూసిన అధికారుల్లో చాలామందికి ఒకే మాట వచ్చు: "చూసుకోండి." ఫిర్యాదు వచ్చిందని ఫోన్ చేస్తే చూసుకోండి అని పెట్టేసేవారు. ఏం చూసుకోవాలో, ఎలా చూసుకోవాలో చెప్పరు. తేడా వస్తే మాత్రం ఎందుకు చూసుకోలేదని అడుగుతారు. మేడమ్ నోట ఆ మాట నేను ఒక్కసారీ వినలేదు. రూల్ పుస్తకం అక్షరం అక్షరం పాటించేది. దానివల్ల వచ్చే తంటా కూడా తనే వచ్చి పడేది.

ఆమె వచ్చిన కొత్తలోనే నేనొక ఘనకార్యం చేశాను. ఒక కమ్యూనిటీ హాల్ ముందు శిలాఫలకం మీద మీసాలాయన పేరు ఉంది, కప్పాలి. మా దగ్గర గుడ్డ అయిపోయింది. యాదగిరి సీటు కింది పాత పేపర్ తీసి ఇచ్చాడు. మైదా పిండితో శుభ్రంగా అంటించి వచ్చాం. మర్నాడు ఇద్దరి ఫిర్యాదులూ ఒకేసారి వచ్చాయి. మేం అంటించిన పేజీ నిండా కళ్లజోడాయన ప్రకటన ఉంది. మా నాయకుడి రాయి మీద వాళ్ల పోస్టర్ వేశారని రమేశ్. ఈ పోస్టర్ మేం వేయలేదు, దీని ఖర్చు మా అభ్యర్థి లెక్కలో రాయడానికి వీల్లేదని ఖలీల్ భాయ్.

మేడమ్ నన్ను పిలిచి, పేపర్ చదివే అలవాటు ఉందా అని అడిగింది. ఉందన్నాను.

"అయితే అంటించే ముందు చదవండి, సామ్యేల్ గారూ" అంది. అంతే. మెమో ఇవ్వలేదు. సాయంత్రానికి మాకొక తాను తెల్లగుడ్డ పంపింది.

ఒకదాని కింద ఒకటి

తర్వాత కొద్దిరోజులకు ఖలీల్ భాయ్ నుంచి ఒక ఫొటో వచ్చింది. రైల్వే లైను మీది వంతెన నుంచి తీసింది. కింద పట్టాల పక్కన ఒక రేకుల ఇల్లు, దాని కప్పు నిండా మీసాలాయన ముఖం. వంతెన మీద పోయే ప్రతి బస్సూ ప్రతి ఆటో ఆ మీసాలు చూస్తూ పోతున్నాయి, వెంటనే తీయాలని ఫిర్యాదు. ఇలాంటి వాటికి జవాబు ఇవ్వాల్సిన గడువు చాలా తక్కువ. యాదగిరి, నేను బయలుదేరాం.

ఇంటామె పేరు అనసూయమ్మ. పరుపులు, దిండ్లు, బొంతలు కుడుతుంది. షాద్‌నగర్ వైపు నుంచి పెళ్లయి వచ్చిందట. భర్త పోయాక ఈ రేకుల కింద ఒక్కతే ఉంటోంది. ఉన్నది ఒకటే గది. సగం గదిలో దూది గుట్ట, మిగతా సగంలో ఆమె, పొయ్యి. మేం వెళ్లేసరికి ఎవరో పెళ్లివాళ్లు చెప్పిన పరుపులు కుడుతోంది.

మీ ఇంటి మీద మీసాలాయన ముఖం ఉందమ్మా, కోడ్ ఉంది, తీయాలి అని చెప్పాను. ఆమె సూది ఆపలేదు.

"ఉంటే ఏంది సారూ" అంది. "ఆయన ముఖం పెద్దగున్నది, వాన ఆపుతది. గందుకే ఏసిన. నేనేమన్న ఓటెయ్యమని చెప్పిన్నా?"

చెప్పలేదు. కానీ రూల్‌లో ఎందుకు వేశారన్న ప్రశ్న లేదు, కనపడుతోందా లేదా అన్నదే ఉంది. ఈలోపు ఖలీల్ భాయ్ వంతెన మీద ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, మేం తీస్తామో లేదో చూడటానికి. తీయనివ్వకూడదని రమేశ్ కూడా వచ్చి ఇంటి ముందు నిలబడ్డాడు. మీసాలాయనకు ఆ ఇంటితో సంబంధం లేదని, అది ఏదో పాత ఫ్లెక్సీ అని, పేదరాలి కప్పు పీకడం అన్యాయమని వాదించాడు. పేదరాలన్న మాట ఆమెకు నచ్చలేదు. మిమ్ముల నేనేమన్న అడిగిన్నా అని అతణ్ణి కసిరింది.

యాదగిరి ఎక్కి రాళ్లు పక్కకు జరిపి పై ఫ్లెక్సీ లాగాడు. దాని కింద కళ్లజోడాయన ఉన్నాడు. అంతకుముందు ఎన్నికప్పటిది, చేతులు జోడించి నవ్వుతున్నాడు. వంతెన మీద ఖలీల్ భాయ్ ఫోన్ కిందికి దిగింది. ఇక్కడ రమేశ్ ఫోన్ పైకి లేచింది. అంతవరకు పేదరాలి కప్పు గురించి మాట్లాడినవాడు, ఇది బహిరంగ ప్రచారం, తక్షణం తొలగించాలని నాకే గట్టిగా చెప్పాడు.

రెండోదీ తీశాం. దాని కింద ఇంకొకటి ఉంది. దసరా శుభాకాంక్షలది, రంగు కొంచెం వెలిసింది. ఒకప్పుడు మీసాలాయనా కళ్లజోడాయనా ఒకే పార్టీలో ఉండేవారని బస్తీలో అందరికీ తెలుసు గాని, అందరూ మరిచిపోయారు. ఫ్లెక్సీ మరిచిపోలేదు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఉన్నారు. కింద పెద్ద అక్షరాల్లో "విడదీయరాని జోడీ" అని రాసి ఉంది.

రమేశ్ ఫోన్ జేబులో పెట్టేశాడు. ఖలీల్ భాయ్ వంతెన దిగి పరుగున వచ్చాడు.

"శామిల్ సాబ్, యే వాలా పహలే నికాలో" అన్నాడు, ముందు దీన్ని తీసేయమని.

"అవునన్నా" అన్నాడు రమేశ్. "గిదైతే అస్సలు ఉండొద్దు."

నా ఉద్యోగంలో రెండు పార్టీలు కలిసి ఒకే ఫిర్యాదు ఇవ్వడం అప్పుడే చూశాను. మూడోదీ తీశాం. ఇక మిగిలింది తుప్పుపట్టిన రేకులు, వాటిలో సబ్బు ముక్కలతో పూడ్చిన చిల్లులు. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

అనసూయమ్మ లోపలికి పోయి దూదిని మూటలు కట్టడం మొదలుపెట్టింది. నేనూ వెళ్లి పట్టాను. దూది ఒకసారి తడిస్తే ఎంత ఏకినా మునుపటిలా పొంగదని అప్పుడే తెలిసింది. మూట మీద మోకాలు పెట్టి ముడి బిగిస్తూ ఆమె నా వైపు చూసింది.

"ముఖాలన్ని దించిండ్రు. ఇగ వాన ఎవలు ఆపుతరు సారూ?"

నేను ఇంకో మూట అందుకున్నాను. బయట ఆ ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు.

రంగుల లొల్లి

తిరగేసి వేద్దామని యాదగిరి అన్నాడు. ఫ్లెక్సీ వెనక తెల్లగా ఉంటుంది కదా, ముఖం కిందికి పోతుంది. వేశాం. గంట సేపు బాగానే ఉంది. తడిసేసరికి పాత గుడ్డలోంచి లోపలి బొమ్మ నల్లగా తేలింది. ముక్కు లేదు, కళ్లు లేవు, మీసాలు మాత్రం ఉన్నాయి.

"ఉల్టా హై తో క్యా హువా సాబ్" అన్నాడు ఖలీల్ భాయ్. "మూఛాఁ తో దిఖ్‌రై." తిరగేస్తే మాత్రం ఏమైంది, మీసాలు కనపడుతున్నాయి కదా అని.

నేను మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె జీపులో వచ్చి వంతెన మీద గొడుగు పట్టుకుని నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత కిందికి దిగి ఇంట్లోకి వెళ్లి, రేకులోంచి కారే ధారల కింద పెట్టిన గిన్నెలు చూసింది.

"మీసాలు కనపడుతున్నాయి, నిజమే" అంది బయటికి వచ్చి. "ఇంట్లో నీళ్లు కూడా కనపడుతున్నాయి. రెండూ మనమే చూడాలి."

ఆఫీసు ఖర్చు కింద టార్పాలిన్ కొనమని నన్ను బేగంబజార్ పంపింది. మళ్లీ ఫిర్యాదు రాకుండా ముందే రమేశ్‌నూ ఖలీల్ భాయ్‌నీ అడిగి కొనమంది. అందుకని దుకాణంలో నిలబడి ఇద్దరికీ కలిపి వీడియో కాల్ చేశాను. హమాలీలు మూటలతో అటూ ఇటూ నెట్టుకుంటూ పోతుంటే, నేను ఒక్కొక్క టార్పాలిన్ విప్పి ఫోన్‌కు చూపించాను. నీలం చూపిస్తే అది వాళ్ల జెండా అంచు రంగు అని రమేశ్ వద్దన్నాడు. ఆకుపచ్చకు ఒకరు, నారింజకు ఇంకొకరు అడ్డం పడ్డారు. పసుపుకు ఇద్దరికీ అభ్యంతరం లేదు గాని, బరిలో ఉన్న మరో ఆయన ఊరుకోడని ఇద్దరూ హెచ్చరించారు. నలుపు చూపించాను. నల్లజెండా అంటే నిరసన కదా, ఎవరి మీద నిరసన అని ఖలీల్ భాయ్ అడిగాడు.

దుకాణం సేఠ్ అప్పటిదాకా ఓపిగ్గా విప్పుతూనే ఉన్నాడు. "సాబ్, రంగు లేని పార్టీ మా దగ్గర ఒక్కటే ఉన్నది" అని లోపలి నుంచి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ చుట్ట తెచ్చాడు. దానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. రెండో గాలివానకే అది చిరిగి పట్టాల మీదుగా ఫలక్‌నుమా వైపు ఎగిరిపోయింది.

చివరికి దారి చూపింది మేడమే. మా గోదాములో ఓటర్ల చైతన్యం కోసం అచ్చు వేయించిన ఫ్లెక్సీలు కొన్ని మిగిలాయి. మందంగా, పెద్దగా ఉంటాయి. ముఖం లేదు, పార్టీ లేదు. సిరా గుర్తు ఉన్న ఒక వేలు, "రండి, ఓటు వేయండి" అని తెలుగులో ఉర్దూలో అక్షరాలు. ఈ వార్డులో ఇప్పుడు ఉండదగ్గ ఫ్లెక్సీ ఇదొక్కటే, అదే వేయండి అంది.

ఆ ఇద్దరూ పరిశీలనకు వచ్చారు. ఖలీల్ భాయ్ ఆ వేలును చాలాసేపు చూశాడు. ఒక వేలు అంటే నంబర్ ఒకటి అని అర్థం వస్తుంది, బ్యాలెట్‌లో నంబర్ ఒకటి మీసాలాయన అన్నాడు. రమేశ్ ఆ అర్థం తనకు తట్టనందుకు బాధపడ్డట్టు కనిపించాడు.

"ఆ వేలు ఓటరుది, ఖలీల్ భాయ్" అంది మేడమ్. "ఓటరుకు నేను రెండో వేలు పెట్టలేను."

ఫ్లెక్సీ వేశాం. ఆ వారం ఎంత వాన పడ్డా ఒక్క చుక్క కారలేదు. పెళ్లివాళ్ల పరుపులు పొడిగా వెళ్లిపోయాయి. మా దగ్గరికి కూడా ఒక్క ఫిర్యాదు రాలేదు. అన్నీ సర్దుకున్నాయని అనుకున్నాం. పిల్లలకు నేను చెప్పేది ఏమిటంటే, ఈ పనిలో అన్నీ సర్దుకున్నాయని అనిపించినప్పుడు పొద్దున కాస్త ముందు లేవండి.

అనుమతి లేని పోలింగ్ కేంద్రం

పోలింగ్ రోజున వాన దంచికొట్టింది. ఆ బస్తీవాళ్లు ఎప్పుడూ ఓటేసే బడి నీట మునిగింది. అప్పటికప్పుడు పోలింగ్ కేంద్రాన్ని లైనుకు అవతల ఒక ఫంక్షన్ హాలుకు మార్చారు. ఆటోలో మైకు పెట్టి చెప్పించారు గాని, వాన చప్పుడులో అది ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

కంట్రోల్ రూమ్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. జహనుమా దగ్గర అనుమతి లేని పోలింగ్ కేంద్రం నడుస్తోంది, వెళ్లి మూయించండి అన్నారు. అనుమతి లేని మెట్లు, గదులు, దుకాణాలు చాలా మూయించాను. ఇది మాత్రం ఎలా మూయిస్తారో నాకు ఎవరూ నేర్పలేదు.

వెళ్లి చూస్తే అనసూయమ్మ ఇంటి ముందు రెండు వరుసలు. ఆడవాళ్లది ఒకటి, మగవాళ్లది ఒకటి. బడి మునిగిందని తెలిసి వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు వంతెన మీద నుంచి "రండి, ఓటు వేయండి" అని కనపడింది. వచ్చారు. వచ్చినవాళ్లను చూసి ఇంకొందరు వచ్చారు. ముసలివాళ్లు సగం కుట్టిన పరుపుల మీద చూరు కింద కూర్చున్నారు. ఒక కానిస్టేబుల్ లాఠీ చంకన పెట్టుకుని, తోసుకోవద్దని చెప్తూ తిరుగుతున్నాడు. కొంచెం దూరంలో రమేశ్ ఒక బల్ల, ఖలీల్ భాయ్ ఒక బల్ల వేసుకుని పెద్ద గొడుగుల కింద ఓటరు చీటీలు రాసిస్తున్నారు. పోలింగ్ కేంద్రానికి బల్లలు ఎంత దూరంలో ఉండాలో అంత దూరం కొలిచి మరీ వేశారు.

అనసూయమ్మ దూది కొట్టే కర్ర చేతిలో పట్టుకుని రెండు వరుసల మధ్య నిలబడి ఉంది. ఇదంతా ఏమిటని అడిగాను.

"నన్నడుగుతవేంది సారూ" అంది. "పొద్దుగాల తలుపు తీసేసరికే ఉన్నరు. పరుపులకు వచ్చిండ్రనుకున్న. ఓటుకంట. సరే, లొల్లి గాకుండ నిలబెట్టిన. మిషిన్ ఎప్పుడు తెస్తరు?"

పోలింగ్ ఇక్కడ కాదు, అవతల ఫంక్షన్ హాలులో అని గట్టిగా చెప్పాను. ఎవరూ కదల్లేదు. నేను ఏ పార్టీతో శామిల్ అయ్యానో అన్నట్టు చూశారు. ముందున్న పెద్దాయన, పొద్దున్నుంచి నిలబడ్డాం, ఇప్పుడు అక్కడికి పోతే వెనక పడతాం అన్నాడు. అతని వెనకున్నవాడు అదే అన్నాడు. నిజానికి అక్కడ హాలులో అధికారులు ఖాళీగా కూర్చుని, ఈ బస్తీలో ఇంత తక్కువ పోలింగేమిటా అనుకుంటున్నారట.

అప్పుడు అనసూయమ్మ కర్ర నేల మీద కొట్టింది.

"ఎవ్వలెన్క ఎవ్వలున్నరో నాకెరుక" అంది. "ఫికర్ చెయ్యకుండ్రి. గిట్లనే వరుసల నడువుండ్రి. నేనొస్త."

కదిలారు. రెండు వరుసలూ ఎక్కడా తెగకుండా ఇంటి ముందు నుంచి వంతెన ఎక్కాయి. ముందు అనసూయమ్మ, చివర కానిస్టేబుల్. మధ్యలో ఎవరైనా ముందుకు జరగబోతే ఆమె వెనక్కి తిరక్కుండానే పేరు పెట్టి పిలిచేది. బస్సులు ఆగిపోయాయి. రమేశ్ నా పక్కన నడుస్తూ, పోలింగ్ రోజు ఊరేగింపు నిషేధం కదన్నా, ఇది ఎవరి ఊరేగింపు అని అడిగాడు. ఖలీల్ భాయ్‌కూ అదే అనుమానం. నాకూ అనుమానంగానే ఉండి మేడమ్‌కు ఫోన్ చేశాను.

"జెండాలున్నాయా? నినాదాలున్నాయా?" అని అడిగింది.

"లేవు మేడమ్. గొడుగులున్నాయి."

"గొడుగుల రంగులు చూడకండి" అంది. "నడవనివ్వండి."

ఫంక్షన్ హాలు చేరాక వరుస వరుసగానే లోపలికి పోయింది. ప్రిసైడింగ్ అధికారి కంగారుగా లేచి నిలబడ్డాడు, ఏదో తనిఖీ వచ్చిందనుకుని. ఒక్కరు కూడా తమ చోటు కోల్పోలేదు. ముందు నిలబడ్డ పెద్దాయనే ముందు ఓటేశాడు.

అనసూయమ్మ బయటే నిలబడి ఉంది. మీరూ వేసి రండమ్మా అన్నాను.

"నాకు ఓటు లేదు సారూ" అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. "మేం ముందుగాల ఉన్న గల్లీ రోడ్డు వెడల్పుల పోయినప్పుడు పేరు తీసేసిండ్రు. మళ్ల రాయించుకుందామని పోతే ఇంటికి నంబర్ ఏదన్నరు. లేదన్న. లేకపోతే కాదన్నరు."

రమేశ్, ఖలీల్ భాయ్ ఇద్దరూ విన్నారు. ఇన్ని రోజులుగా ఆ కప్పు కోసం కొట్టుకున్న ఇంట్లో ఒక్క ఓటు కూడా లేదని వాళ్లకు అప్పుడే తెలిసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని తమ బల్లల కోసం వెనక్కి వెళ్లిపోయారు. నేను మాత్రం హాలు ముందే ఉండిపోయాను. ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లానో. కప్పు మీద ఎవరున్నారో ప్రతిసారీ చూశాను. కప్పు కింద ఉన్న మనిషి జాబితాలో ఉందో లేదో ఒక్కసారీ అడగలేదు. అది నా విభాగం పని కాదు. కాకపోయినా, ఆవిడ కర్ర పట్టుకుని ఒంటరిగా వంతెన వైపు తిరిగి నడుస్తుంటే చూడటం నాకు కష్టమైంది.

బోర్డు, కప్పు

ఎన్నిక ముగిసింది. ఇద్దరిలో ఒకాయన గెలిచాడు. కృతజ్ఞతల ఫ్లెక్సీలు మర్నాడే వెలిశాయి, వాటిని దించడానికి మేం బయలుదేరాం.

అనసూయమ్మ ఇంటి మీదిది ప్రభుత్వ ఆస్తి. తప్పుదారి పట్టించిన బోర్డు అని పైనుంచి కూడా ఒక మాట వచ్చింది, తిరిగి తీసుకోవాలి. మేడమ్ నన్ను ఒక్కణ్ణే పంపలేదు, తనూ వచ్చింది. ఆ రోజూ వానే. లోపల కూర్చోబెట్టి అనసూయమ్మ చాయ్ పెట్టింది. మేడమ్ గ్లాసు పట్టుకుని పైకి చూసింది. రేకు చిల్లుల్లోంచి నీళ్ల బదులు ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా మచ్చలు మచ్చలుగా కనపడుతోంది.

"కోడ్ అయిపోయింది కదా, సామ్యేల్ గారూ" అంది కాసేపటికి. "ఇప్పుడిది బోర్డు కాదు, కప్పు. కప్పులు తీయమని మనకెవరూ చెప్పలేదు."

తర్వాత బ్యాగులోంచి ఓటరు నమోదు కాగితం తీసింది. ఆ పని కూడా అప్పట్లో ఆమె కిందే ఉండేది. పేరు, వయసు, భర్త పేరు రాసింది. ఇంటి నంబర్ దగ్గర పెన్ను ఆగింది. అనసూయమ్మ ఇలాంటిది ముందే చూసింది కాబట్టి గ్లాసులు కడగడానికి లేచింది.

బయట ఆటోల్లో వచ్చేవాళ్లు ఈ ఇంటిని ఏమంటున్నారో నేను మేడమ్‌కు చెప్పాను. పోలింగ్ నాటి నుంచి వంతెన దిగేవాళ్లు "పోలింగ్ ఇల్లు కాడ ఆపు" అంటున్నారు. ఆమె నా ముఖం చూసింది. జోక్ కాదని తెలిశాక, నంబర్ లేని ఇళ్లకు గుర్తు రాయొచ్చని రూల్ ఉందో లేదో ఫోన్‌లో ఎవరినో అడిగింది. ఉందట. రాసింది.

కొన్ని నెలలకు కార్డు వచ్చింది. అనసూయమ్మ నాకు చూపించడానికి ఆఫీసుకే తెచ్చింది. చిరునామా దగ్గర "పోలింగ్ ఇల్లు, రైల్వే లైను పక్కన, జహనుమా" అని అచ్చయి ఉంది. కార్డును దిండు గలీబు గుడ్డతో కుట్టిన చిన్న సంచిలో పెట్టుకుంది.

నేను రిటైరయ్యే ముందు మళ్లీ ఎన్నికలు వచ్చాయి. కోడ్ ఇంకా మొదలుకాలేదు. ఏదో పనిమీద అటు వెళితే ఇంటి ముందు రమేశ్ ఉన్నాడు. చేతిలో కొత్త ఫ్లెక్సీ చుట్ట, పక్కన నిచ్చెన. పాతది వెలిసిపోయింది, ఇది మందమైనది, వాన అస్సలు దిగదు, ఊరికే వేసిస్తానని బతిమాలుతున్నాడు. ఇంట్లో ఇప్పుడు ఓటు ఉందని అతనికి ఎలాగో తెలిసిపోయింది.

అనసూయమ్మ గుమ్మంలో కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోంది. దారం ఎక్కాకే తల ఎత్తింది.

"ఓటు ఇంట్ల ఉన్నది బాపు" అంది. "ఇగ ఇంటి మీద ఎవ్వలు వద్దు."

రమేశ్ నా వైపు చూశాడు, ఏమైనా చెప్తానేమోనని. నేను రేకుల వైపు చూస్తూ నిలబడ్డాను. అతను చుట్టను మళ్లీ భుజాన వేసుకుని, నిచ్చెన ఈడ్చుకుంటూ వంతెన వైపు వెళ్లిపోయాడు. యాదగిరి బండిలోంచి దిగబోయి, మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. మాకు అక్కడ దించాల్సింది ఏమీ లేదు.